కమాన్ పట్టీతో మొదటి కత్తి: నీళ్లలో ముంచాలా, నూనెలోనా?

మురళీనగర్_కొత్తవాడు: అందరికీ నమస్తే. గాజువాక ఆటోనగర్ పాత ఇనుము కొట్లో జీపు కమాన్ పట్టీ (బండి కింద కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీ) ముక్క కొన్నాను. వేడి చేసి సాగగొట్టి, గ్రైండర్‌తో ఆకారం తీసి, ఆకురాయితో సరిచేశాను. వంటింట్లో చేపలు కోసే కత్తి ఇది, వెన్ను 3 మిల్లీమీటర్లు ఉంది. ఇప్పుడు కాల్చి గట్టిపరచాలి. మా వీధిలో కత్తులు సానబట్టే పెద్దాయన నీళ్లలో ముంచమంటాడు, వీడియోల్లో అందరూ నూనె అంటున్నారు. తేల్చి చెప్పండి.

ఉక్కునగరం_మాస్టారు: నూనె. సందేహం వద్దు బాబూ. కమాన్ పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, దాంతోపాటు సిలికాన్, మాంగనీస్ గానీ క్రోమియం గానీ కలుస్తాయి. ఈ రకం ఉక్కు గట్టిపడటానికి నూనె ఇచ్చే చల్లదనం చాలు, నీళ్లయితే పలచని అంచు ఒక్కసారిగా బిగుసుకుని పగులుతుంది, చాలాసార్లు ఆ 'టింగ్' మని చప్పుడు చెవికి వినిపిస్తుంది కూడా. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకొంచెం పైకి, 840 దాకా తీసుకెళ్లు. పసుపు రంగుకి మాత్రం పోనివ్వకు, లోపల రేణువులు పెద్దవై కత్తి పెళుసవుతుంది. వేరుశనగ నూనె 50, 60 డిగ్రీలకు వేడి చేసి, మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, నిటారుగా దింపు. పక్కకి ఊపితే వంకరపోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ మంచిది కాదు. నూనె అంటుకుంటే మూత పెట్టు, నీళ్లు చల్లకు. తర్వాత ఆలస్యం చెయ్యకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్లీ రెండు గంటలు. ఈ టెంపరింగ్ చెయ్యని కత్తి కింద పడితే గాజులా విరుగుతుంది.

సీతమ్మధార_శీను: మన స్టీల్ ప్లాంట్ కడ్డీతో చెయ్యొచ్చు కదా?

ఉక్కునగరం_మాస్టారు: టీఎంటీ కడ్డీలో కార్బన్ 0.3 శాతం లోపే. ఇంటికి మంచిది, కత్తికి సరిపడా గట్టిపడదు.

కొలిమి_వారసుడు: మా తాత, మా నాన్న అందరూ నీళ్లే. మా పాకలో నూనె డబ్బా అనేదే లేదు. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు నరికే కత్తులు, కొడవళ్లు ఇదే కమాన్ పట్టీతో చేస్తాం. పగిలితే రైతు ఊరుకుంటాడా? ఆ సానబట్టే పెద్దాయనకి ఏమీ తెలియదన్నట్టు రాశారు.

పెందుర్తి_పద్మ: మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి కత్తిపీట ఇంకా కోస్తోంది. అది కమ్మరి చేసిందే.

ఉక్కునగరం_మాస్టారు: పద్మగారూ, మిగిలిన కత్తిపీటలే మన కళ్లకి కనపడతాయి, విరిగినవి పాత సామాన్లవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు. నేను పనిలో చేరిన కొత్తలో మా వర్క్‌షాపులో ఒకాయన ఉలి మీద సుత్తి వేస్తే పెచ్చు లేచి కంట్లో గుచ్చుకుంది. గట్టిపరిచి వదిలేసిన ఉలి అది, టెంపరింగ్ లేదు. ఆ కన్ను మళ్లీ రాలేదు. అందుకే ఈ విషయంలో 'మా తాత చేశాడు' అంటే నేను ఒప్పుకోను.

కొలిమి_వారసుడు: మీ వర్క్‌షాపులో ఎవరో చేసిన ఉలికి మా నాన్నకి ఏటి సంబంధం మాస్టారూ? మేం టెంపరింగ్ చెయ్యం అని మీకెవరు చెప్పారు? కత్తి మొత్తం ఎవరూ ముంచరు. అంచు ఒక్కటీ అంగుళం లోతు ముంచి తీసేస్తాం, వెన్ను ఇంకా ఎర్రగానే ఉంటుంది. రాయితో అంచు రుద్ది తెల్లగా చేస్తే వెన్నులోని వేడి మెల్లగా కిందకి దిగుతూ రంగులు వస్తాయి. ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. అంచుకి గడ్డి రంగు రాగానే మొత్తం ముంచేస్తాం. నీలం దాకా ఆగితే అంచు మెత్తబడిపోయినట్టే. మా పాక చీకటిగా ఎందుకు ఉంటుందనుకున్నారు? ఎండలో ఎరుపు ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

ఎంవీపీ_రాజు: బ్లేడు 9 అంగుళాలు దాటినా, వెడల్పు 2 అంగుళాలు దాటినా లైసెన్సు కావాలి, చూసుకోండి.

ఉక్కునగరం_మాస్టారు: వంటకి, వ్యవసాయానికి చేసిన వాటికి ఆ నిబంధన లేదు రాజు గారూ. వారసుడూ, నువ్వు చెప్పిన పద్ధతి నిక్షేపంగా ఉంది. నేను కాదంటున్నది కత్తి మొత్తం నీళ్లలో పడెయ్యడాన్ని. కానీ మీ పద్ధతికి వెన్ను మందంగా ఉండాలి, అందులో వేడి నిలవాలి. ఈ అబ్బాయి కత్తి వెన్ను 3 మిల్లీమీటర్లు. అంచుకి రంగు దిగేలోపే చల్లారిపోతుంది. అతని కత్తికి నూనే.

కొలిమి_వారసుడు: సరే, ఆ కత్తికి నూనే పెట్టుకోమనండి. నాకు నొప్పి నూనె గురించి కాదు. సిటీలో ఒక షాపువాళ్లు మా నాన్న దగ్గర కత్తి 250కి తీసుకెళ్లి, చెక్క పిడి మార్చి, పేరు చెక్కించి 4000కి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కింద 'చేతితో చేసినది' అని రాస్తారు, ఎవరి చెయ్యో రాయరు. నిన్న మొన్న నేర్చుకున్నవాళ్లు ఫీజు తీసుకుని క్లాసులు చెబుతున్నారు. ఇక్కడ కూడా అంతే, కమ్మరి మాట తప్పని తీర్పు ఇచ్చేశారు, వాళ్లు ఎలా ముంచుతారని ఒక్కరూ అడగలేదు. బేరానికి తప్ప మా పాకకి ఎవరూ రారు.

సీతమ్మధార_శీను: ధర కొనేవాడి ఇష్టం కదా అన్నా.

కొలిమి_వారసుడు: కొనేవాడికి ఎవరు చేశారో చెప్పి అప్పుడు ఇష్టం అను.

ఉక్కునగరం_మాస్టారు: షాపువాళ్లు చేసింది అన్యాయం, అందులో నేను నీ పక్షమే. కానీ నా మాట కూడా విను. రంగు చూసి వేడి చెప్పే కన్ను మీ నాన్నగారికి ఉంది, ఈ అబ్బాయికి లేదు. కన్ను కుదిరే దాకా అయస్కాంతం, ఓవెన్ అతనికి ఊతకర్రలు. డిగ్రీలు రాస్తున్నానంటే కమ్మరిని తక్కువ చేస్తున్నానని కాదు, పక్కన నిలబెట్టి నేర్పేవాళ్లు లేనివాడికి ఇంకేం చెప్పను?

కొలిమి_వారసుడు: పాక ఇక్కడే ఉంది. లేరని ఎందుకు రాస్తారు?

మురళీనగర్_కొత్తవాడు: అన్నా, ఈ కత్తి మాస్టారు చెప్పినట్టు నూనెలో చేస్తాను. మిగిలిన పట్టీ ముక్క ఇంకా మందంగానే ఉంది, దాంతో మాంసం కొట్టే కత్తి మీ పాకలో మీ నాన్నగారు చెప్పినట్టు చెయ్యాలని ఉంది. ఆ రోజుకి ఆయన కూలీ ఎంతో చెప్పండి, బేరం ఆడను.

కొలిమి_వారసుడు: నాన్నని అడిగి చెబుతాను తమ్ముడూ. పొద్దున్న 6కల్లా ఉండాలి. కాటన్ బట్టలు, బూట్లు. నైలాన్ చొక్కాతో వస్తే లోపలికి రానివ్వడు.

ఉక్కునగరం_మాస్టారు: గట్టిపడ్డాక అంచు మీద ఆకురాయి పెట్టి చూడు బాబూ. కొరక్కుండా జారితే సరే. కొరికితే గట్టిపడలేదని అర్థం, అప్పుడు ఎవరి మాటా వినకు.

కొలిమి_వారసుడు: మీరూ రండి మాస్టారూ. ఆకురాయి మీరే తెచ్చుకుని మీరే పెట్టి చూడండి.