సోఫియా 12వ ఆట: ఆనంద్ గెలిచాడా, తొపలోవ్ ఓడాడా?

మూడోబోర్డు:
2010 మే 11, బల్గేరియా రాజధాని సోఫియాలో ఆనంద్, తొపలోవ్‌ల మధ్య ప్రపంచ చదరంగం టైటిల్ పోరు, స్కోరు 5.5–5.5. చివరి ఆటలో నల్ల పావులతో ఆనంద్ లాస్కర్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ (ఆరంభ ఎత్తుల వరుస) ఎంచుకున్నాడు. ఏడో ఎత్తులో గుర్రం ఈ4 గడికి, ఆ వెంటనే పావుల మార్పిడి. వందేళ్ల నాటి పద్ధతి. ఆనంద్ ఆ ఆట గెలిచి టైటిల్ నిలబెట్టుకున్నది ఆ ఎంపిక వల్లే అంటాను.

బంటు64:
ఒప్పుకోను. 30 ఎత్తుల దాకా ఆట సమానం. 31, 32 ఎత్తుల్లో తొపలోవ్ వరుసగా రెండు బంట్లు కొట్టాడు. ఎ8 మూలన ఉన్న నల్ల శకటుకు (బిషప్) దారి తెరుచుకుంది, తెల్ల రాజు హెచ్3కి పరుగెత్తాల్సి వచ్చింది. ఓడించింది అత్యాశ. గ్రున్‌ఫెల్డ్ అనే మరో ఓపెనింగ్ చూడండి: మొదటి ఆటలో ఆనంద్ దానితోనే ఓడాడు, పదో ఆటలో దానితోనే డ్రా చేశాడు. ఓపెనింగ్‌దే ఘనత అయితే ఇదెలా?

కృష్ణాతీరం:
32వ ఎత్తులో బంటును కొట్టకపోతే డ్రా అయ్యేదా? ఎవరైనా కంప్యూటర్‌లో చూశారా?

మూడోబోర్డు:
అత్యాశ ఊరికే పుట్టదు. ఎక్కడా సందు దొరకకపోతేనే మనిషి తెగిస్తాడు. మా అబ్బాయి ఇదే డిఫెన్స్ ఆడతాడు. జిల్లా పోటీల్లో ఒక్క ఆటా ఓడలేదు. అయినా 'చప్పగా ఆడతాడు' అని కోచ్ పై బ్యాచ్‌లోకి తీసుకోలేదు. మీలాంటి వాళ్ల మాటలే అక్కడిదాకా వెళ్లాయి.

నల్లగడి:
ఆట గురించి మాట్లాడండి సార్.

బంటు64:
ఆ కోచ్ ఎవరో నాకు తెలియదు, ఆయన తప్పు నా నెత్తిన రుద్దకండి. నేనూ పిల్లలకు నేర్పుతాను. పదేళ్ల వాడు ఏడో ఎత్తుకే పావులు మార్చేసుకుంటే దాడి చేయడం ఎప్పుడు నేర్చుకుంటాడు? ఆనంద్ ఆ ఆట ఆడింది 40 ఏళ్ల వయసులో, అన్ని రకాల ఆటలూ ఆడి వచ్చాక.

మూడోబోర్డు:
అదీ అసలు మాట! తప్పు చేయకుండా నిలబడటం మీ లెక్కలో ఆటే కాదు. మరి 29వ ఎత్తు నుంచి ఆనంద్ ఏం చేశాడు? ఈ5, ఎఫ్5, ఈ4. వరుసగా మూడు ఎత్తులూ బంట్లవే. అది దాడి కాదా?

బంటు64:
దాడే. అది లాస్కర్ డిఫెన్స్ నేర్పిన దాడి కాదనే నేను మొదటి నుంచీ అంటున్నది. మీ అబ్బాయి డ్రా చేసిన ఆటలు ఇక్కడ పెట్టండి. సమానంగా ఉన్న చోట ముందుకు కదిలాడా, ఆగిపోయాడా, చూద్దాం.