“ఔత్సాహికుడు కాదు” అని రాయవచ్చా?

అమెరికన్ అథ్లెట్ జిమ్ థోర్ప్ జీవితం మీద రాస్తున్నాను. “అమెచ్యూర్”ను, అంటే డబ్బు పుచ్చుకోకుండా ఆడేవాణ్ణి, తెలుగులో “ఔత్సాహికుడు” అంటుంటారు. “ఔత్సాహికుడు కాదని తేలడంతో 1913లో పతకాలు లాక్కున్నారు” అన్న వాక్యం మింగుడు పడటం లేదు. తెలుగులో చదివితే ఆయనకు ఉత్సాహం చాలలేదన్నట్టుంది! 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్ (ఐదు అంశాల పోటీ), డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) రెండూ గెలిచిన మనిషి. డెకాథ్లాన్‌లో వంద మీటర్లు 11.2 సెకన్లలో పరిగెత్తాడు.

ఇంతకీ ఆయన చేసిన నేరం? 1909లో నార్త్ కరొలినాలోని రాకీ మౌంట్ బేస్‌బాల్ జట్టుకు పిచర్‌గా బంతులు విసిరాడు, కాస్త డబ్బు పుచ్చుకున్నాడు. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది మారుపేర్లతో ఆడి బయటపడేవారు. సాక్ అండ్ ఫాక్స్ అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన ఈ కుర్రాడు సొంత పేరుతోనే ఆడాడు. పుచ్చుకున్న డబ్బు బేస్‌బాల్‌ది, పోయిన పతకాలు పరుగులవీ దూకుళ్లవీ. పైగా అభ్యంతరాలు ముప్ఫై రోజుల్లోపు చెప్పాలన్నది ఆ పోటీల నియమం. సంగతి పత్రికకెక్కింది 1913 జనవరిలో. నాకు ఇది పచ్చి అన్యాయమే.

ఇప్పుడు “ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు” అని రోజూ చదువుతున్నాం. అక్కడ ఆ మాటకు కొత్తగా దిగుతున్నవారని అర్థం. లాభం వద్దనుకునేవారని కాదు గదా!

— నాటకాల్లో ఆ అర్థం స్థిరపడిందండీ. సురభి వారిది వృత్తి నాటక సమాజం, పరిషత్తు పోటీలకొచ్చేవి ఔత్సాహిక సమాజాలు. అందరికీ తెలిసిందే.

— నిజమేనండీ. పక్కన “వృత్తి” అనే జంట మాట ఉండబట్టి అక్కడ నిలబడింది. అయినా ఆ ఔత్సాహిక సమాజాలే నటీమణులకు పారితోషికమిచ్చి పిలిపించుకోవడం మామూలే. ఎవరూ బహుమతి వెనక్కి అడగరు. థోర్ప్ విషయంలో పైకి చెప్పిన కారణం డబ్బొక్కటే. కాబట్టి “ఆటకు డబ్బు పుచ్చుకున్నాడని పతకాలు లాక్కున్నారు” అనే రాస్తాను.

చిక్కల్లా తర్వాతి వాక్యంతోనే. 1982లో ఒలింపిక్ సంఘం ఆయనకు తిరిగి ఇచ్చింది “అమెచ్యూర్ హోదా”. అయినా 2022 దాకా ఏకైక విజేతగా ఒప్పుకోలేదు. ఆ హోదా పేరు విడమరిచి రాస్తే కుదరదు, ఒక్క మాటే కావాలి. “వృత్తేతర” ఎలా ఉంటుందంటారు?