మంగోలియాలో జులైలో గుర్రాల మీద 16 రోజులు, ఏం సర్దుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. జులై 11 నుంచి 13 దాకా ఉలాన్‌బాతర్‌లో నాదమ్ పండుగ చూసుకుని, ఉత్తరాన ఖువ్స్‌గుల్ సరస్సుకు వెళ్ళి, అక్కడినుంచి కొండలు దాటి దర్ఖాద్ లోయలో గుర్రాల మీద 16 రోజులు తిరగాలని నేనూ మా తమ్ముడూ ప్లాన్ వేశాం. గైడు ఉంటాడు, సామాను మోసే గుర్రాలు వేరే. మాది విజయవాడ, ఎండాకాలం గురించి మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందుకే రెండు జీన్సు, నాలుగు కాటన్ టీషర్టులు, ఒక స్వెటర్, వానొస్తే కప్పుకోవడానికి పోంచో సర్దాను. మనిషికి 15 కిలోలే అన్నారు, ఇంకా ఏమైనా తగ్గించొచ్చా?

జవాబు:
తగ్గించడం తర్వాత, ముందు ఆ పోంచో, జీన్సు తీసి బయట పెట్టండి. అక్కడ ఎండాకాలం, వానాకాలం రెండూ ఒకటేనండీ, ఏడాదిలో పడే వానలో చాలా భాగం జూన్, జులై, ఆగస్టుల్లోనే. సరస్సే 1,645 మీటర్ల ఎత్తున ఉంది, మీరు దాటే కనుమలు ఇంకా పైన. మధ్యాహ్నం 25 డిగ్రీల ఎండ, మూడింటికి మబ్బు కమ్మి వడగళ్ళు, తెల్లారేసరికి వేళ్ళు కొంకర్లు, ఇదంతా ఒక్కరోజులోనే అయిపోవచ్చు. కనుమల మీద జులైలో కూడా మంచు పడుతుంది. ఎండ వల్ల నాకు పెదాలు పగిలాయి, ముక్కు తోలు ఊడింది, అంతే. వణికింది మాత్రం లెక్కలేనన్నిసార్లు.

పోంచో ఎందుకొద్దంటున్నానంటే, మా గుంపులో ఒకాయన చినుకు మొదలవగానే గుర్రం మీద కూర్చునే దాన్ని విప్పి తలమీంచి వేసుకోబోయాడు. తల ఇంకా లోపలే ఉంది, వెనక భాగం గాలికి లేచి టపటపా కొట్టుకుంది. గుర్రం చెవులు వెనక్కి పోవడం చూశాను, నేను అరిచేలోపే ఆయన బురదలో ఉన్నాడు, అది వాగు దాటేసింది. దాన్ని చూసి నాది కూడా బెదిరింది. ఆయన మణికట్టు విరిగింది, అక్కడినుంచి ఆస్పత్రికి చేరడానికి రోజున్నర. ఆ గుర్రాలు ఏడాదిలో ఎక్కువ రోజులు మైదానంలో వాటంతట అవే మేస్తూ బతుకుతాయి, రెపరెపలాడేది ఏది కనబడినా, వెల్‌క్రో చప్పుడు విన్నా, టోపీ ఎగిరినా ముందు పరుగు, తర్వాతే ఆలోచన. కాబట్టి ఒంటికి పట్టి ఉండే రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు కొనండి. టోపీకి గడ్డం కింద తాడు కుట్టించండి. మబ్బు కనబడగానే, చుక్క పడకముందే దిగి, పగ్గం ఎవరి చేతికైనా ఇచ్చి, నేలమీద నిలబడి తొడుక్కోండి. దగ్గరికి వెళ్ళడం, ఎక్కడం, దిగడం అన్నీ ఎడమవైపు నుంచే.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇంకోటుంది: జాకెట్‌ను పెద్ద సంచిలో పెట్టి సామాను గుర్రం మీదికెక్కిస్తారు, అదేమో గంట వెనకాల వస్తుంది! జాకెట్, చేతి తొడుగులు, ఉన్ని టోపీ మీ జీను వెనకే కట్టుకోండి.

జీన్సు తడిస్తే ఆరదు, ఆ తడి కుట్టు ఆరు గంటలు జీను మీద రాసుకుంటే తొడలు పుళ్ళవుతాయి. ఉన్నివో సింథటిక్‌వో తీసుకోండి. రాత్రి పడుకోవడానికి ఒక జత విడిగా, ఎంత చలేసినా పగలు దాని జోలికి వెళ్ళొద్దు. స్లీపింగ్ బ్యాగు మైనస్ 5 డిగ్రీలకు పనికొచ్చేది, దాన్ని నీళ్ళు దూరని సంచిలో కట్టాలి.

ఇంకొకరు:
అన్నా, పైన చెప్పినవాటికి దోమల వల కలపండి, తలకు తొడుక్కునేది. దర్ఖాద్ లోయంతా బురద నేల, గాలి ఆగిందంటే మనకు తెలిసిన దోమలు వాటి ముందు పిల్లకాకులు. మీకు వడగళ్ళతో పని లేకపోయినా వాగులతో ఉంటుంది, రాత్రి పైన వాన పడితే పొద్దున్నే మోకాలి లోతు నీళ్ళు గుర్రం పొట్టకొస్తాయి. గైడు ఆగమంటే ఆగిపోవాలి, తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఉరుములొస్తే శిఖరం మీద ఉండొద్దు, దిగి గుర్రాన్ని నడిపించుకుంటూ కిందికి రండి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వద్దు.

గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, ఉలాన్‌బాతర్‌లోనే కొనండి. అక్కడి నారన్ తూల్ సంతలో దేల్ అనే పొడుగు కోటు కూడా దొరుకుతుంది, నడుముకు గుడ్డ బిగించి కడతారు. నేను ఫొటోల కోసమని కొన్నాను, మూడో రోజు నుంచి దాన్ని వదల్లేదు. అన్నట్టు, సూతేయ్ చాయ్ అని పాలల్లో ఉప్పు వేసిన టీ ఇస్తారు. మొదటిరోజు మొహం చిట్లించాను, నానిపోయి వచ్చిన రోజున నాలుగు గిన్నెలు తాగాను.

ప్రశ్న అడిగినవారు:
పోంచో తీసేశా, జీన్సు తమ్ముడికి ఇచ్చేద్దామంటే వాడూ వస్తున్నాడు కదా! థాంక్స్ అండీ ఇద్దరికీ. తోలు బూట్లు తడిస్తే రాత్రి పొయ్యి దగ్గర పెడితే ఆరతాయా?

జవాబు:
పొయ్యికి ఆనించొద్దు, తోలు బిగుసుకుపోయి పగులుతుంది. లోపలి అట్ట తీసి, పొడిగుడ్డలు కుక్కి, మధ్యలో ఒకసారి మార్చండి. సాక్సులు మాత్రం పిండేసి స్లీపింగ్ బ్యాగులో పొట్టమీద పెట్టుకుని పడుకోండి, వాసన సంగతి తమ్ముడు చూసుకుంటాడు.