'హెయిల్ మేరీ పాస్'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడిగా ఆడిన రోజర్ స్టాబాక్ మీద వ్యాసం రాస్తున్నాను. ఓడిపోయే స్థితిలో, ఆఖరి క్షణాల్లో ఆశకొద్దీ దూరంగా విసిరే బంతిని 'హెయిల్ మేరీ పాస్' అంటారు, అక్కడ కలం ఆగింది. 'గుడ్డిగా విసిరిన బంతి' అంటే సరిపోతుందా?

జవాబు: 'గుడ్డిగా' మాత్రం వద్దండీ, ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆ ఆట 1975 డిసెంబరు 28న జరిగింది. మిన్నెసోటా వైకింగ్స్ చేతిలో స్టాబాక్ జట్టు డాలస్ కౌబాయ్స్ 10-14తో వెనకబడింది, నిమిషం కూడా మిగల్లేదు. స్టాబాక్ ముందు ఎడమవైపు వేస్తున్నట్టు బంతిని ఊపాడు. అక్కడ కాపలా ఉన్న పాల్ క్రాస్ అటే మొగ్గాడు. అప్పుడు కుడివైపు పరిగెడుతున్న డ్రూ పియర్సన్‌కి విసిరాడు. బంతి కాస్త ముందే దిగుతుంటే పియర్సన్ వెనక్కి తగ్గి, చేతికీ తుంటికీ మధ్య అదిమి పట్టుకుని గీత దాటేశాడు. 17-14! కళ్ళు మూసుకుని హెయిల్ మేరీ, అంటే మేరీమాత ప్రార్థన, చదువుకున్నానని తర్వాత విలేకరులతో అన్నాడు స్టాబాక్. మాట అంతకుముందే ఉన్నా, ఊరూవాడా పాకింది అప్పుడే.

నా ఓటు 'దేవుడి మీద భారం వేసి' అన్నదానికే. పరీక్ష రాసొచ్చాక అంటాం, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని అంటాం. చెయ్యాల్సిందంతా చేశాక అనే మాట అది.

ఇంకొకరు: మేము కాథలిక్కులం. ఆ ప్రార్థనను మేం మంగళవార్త జపం అంటాం, రోజూ జపమాలతో చెప్పుకుంటాం. ఆపదలో మాత్రమే గుర్తొచ్చేది కాదు. స్టాబాక్ కూడా కాథలిక్కే, ఆ సంగతి వ్యాసంలో రాయండి.

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా రాస్తానండీ. 'అదృష్టజాతకుడు' అని కూడా రాశాను, ఉంచనా?

జవాబు: తీసెయ్యండి. నేవల్ అకాడమీలో చదువుతూ 1963లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి ఇచ్చేది. జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే 1964 డ్రాఫ్టులో డాలస్ ఆయన్ని పదో రౌండులో గానీ ఎంచుకోలేదు, ఎందుకంటే ముందు నౌకాదళంలో నాలుగేళ్ళు పనిచెయ్యాలి. వియత్నాంలోనూ ఉన్నాడు. 1969లో జట్టులో చేరేనాటికి 27 ఏళ్ళు. అన్నేళ్ళు చేతి పట్టు సడలనివ్వకపోవడాన్ని అదృష్టం అనలేం.

ఇంకోటి. 'ఆట మానేశాక రియల్ ఎస్టేట్ వ్యాపారి' అని రాస్తే మనవాళ్ళు వెంచర్లు, ప్లాట్లు అనుకుంటారు. ఆడుతుండగానే 1977లో పెట్టిన కంపెనీ అది. ఆఫీసులు అద్దెకు తీసుకునే సంస్థల తరఫున బేరం కుదిర్చేది. 2008లో అమ్మేశాడు. 'అద్దెదారుల తరఫు బ్రోకరు' అని రాస్తే సరిగ్గా అర్థమవుతుంది.