గ్రీకు దీవులు: పెద్దవాళ్లతో వెళ్తే క్రూయిజా, ఫెర్రీయా?

కృష్ణాతీరం:
మేం జర్మనీలో ఉంటాం. సెప్టెంబరులో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ ఒకటి చూశాం. మైకొనోస్, టర్కీలోని కుషదాసి, పాట్మోస్, రోడ్స్, క్రీట్, సాంటోరినీ, అన్నీ అందులోనే. మా ఆయన మాత్రం ఫెర్రీలో వెళ్లి రెండు దీవులు నింపాదిగా చూస్తే చాలంటున్నారు. క్రూయిజ్ అయితే పెట్టెలు ఒక్కసారి సర్దుకుంటే సరిపోతుంది కదా అని నా ఆలోచన. మీరేమంటారు?

దూరపుకొండలు:
మీ ఆయన మాటే సరైనదండీ. నాలుగు రోజుల్లో ఆరు చోట్లంటే ఒక్కో చోట మిగిలేది కొన్ని గంటలే. సాంటోరినీ సంగతే చూడండి. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. అగ్నిపర్వతం కూలి ఏర్పడిన లోతైన సముద్రంలోనే ఆగుతాయి, జనాన్ని చిన్న పడవల్లో పాత రేవుకు చేరుస్తారు. ఫిరా ఊరు కొండ అంచున ఉంటుంది. పైకి వెళ్లడానికి కేబుల్ కారు, కంచర గాడిదలు, లేదా దాదాపు ఆరు వందల మెట్లు. రెండు మూడు ఓడలు ఒకేసారి వచ్చిన రోజు కేబుల్ కారు క్యూలోనే సగం టైమ్ పోతుంది. కిందికి దిగేటప్పుడు ఇంకా టెన్షన్, ఓడ వెళ్లిపోతుందేమోనని.

దీవిలో ఉండేది పదిహేను వేల పైచిలుకు జనం. 2024 జులైలో ఒక్కరోజే దాదాపు 11,000 మంది ఓడల మీద దిగారు. అందుకే రోజుకు 8,000 మందికి మించకూడదని ఇప్పుడు పరిమితి పెట్టారు. మనమూ ఆ రద్దీలో కలవడం అవసరమా?

ఓడరేవు:
పెద్దవాళ్లను తీసుకెళ్లేది వాళ్లు, ఆ సంగతి మరచిపోతున్నారు. ఫెర్రీ రేవులో ఆగేది కొద్ది నిమిషాలే. ఆ తోపులాటలో పెట్టెలు దింపుకొని, ర్యాంపు దిగి, బస్సు వెతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది సుఖమా? పైగా పిరేయస్ నుంచి సాంటోరినీకి మామూలు ఫెర్రీలో ఎనిమిది గంటలు, వేగంగా వెళ్లేవాటిలోనూ ఐదు గంటలు. ఎండాకాలంలో మెల్తెమి అనే ఉత్తర గాలి ఉధృతమైతే ఫెర్రీలు ఆపేస్తారు, అప్పుడు హోటల్ బుకింగులన్నీ తారుమారవుతాయి. ఓడలో డాక్టరు ఉంటాడు, ముందే చెబితే శాకాహారమూ దొరుకుతుంది.

ఇక రోడ్స్. ఓడ నేరుగా కోట గోడల దగ్గరి రేవులోనే ఆగుతుంది. దిగి నడిస్తే పాత నగరమే, టాక్సీ కూడా అక్కర్లేదు.

రాళ్లూరప్పలూ:
ఇద్దరూ దీవులన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. రోడ్స్‌కు క్రూయిజ్ నప్పుతుంది, మైకొనోస్‌కు నప్పదు. మైకొనోస్ వెళ్లేవాళ్లు చూసితీరాల్సింది పక్కనున్న డెలోస్. అపోలో పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. దీవి మొత్తం శిథిల నగరమే, 1990 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. రాత్రి అక్కడ ఎవరినీ ఉండనివ్వరు, పడవలు పగలే నడుస్తాయి. ఓడ మైకొనోస్‌కు సాయంత్రం చేరితే డెలోస్ చూడలేనట్టే. అంత దూరం వెళ్లి పక్కనే ఉన్న ఆ నగరాన్ని చూడకుండా తిరిగి రావడం నాకు ప్రాణం ఉసూరుమనిపిస్తుంది. కాబట్టి డబ్బు కట్టే ముందు ఏ రేవులో ఎన్ని గంటలకు ఆగుతుందో చూడండి.

ఇంకో ముఖ్య విషయం, వీసా. కుషదాసిలో ఆగితే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దాటి మళ్లీ లోపలికి వచ్చినట్టు లెక్క. మీ అమ్మానాన్నలది ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే ఆ క్రూయిజ్ కుదరదు. టర్కీ వీసా సంగతి కూడా ముందే కనుక్కోండి.

దూరపుకొండలు:
డెలోస్ మాటకు నా ఓటు. ఒకటి మాత్రం చెప్పాలి. ఓడలో వచ్చేవాళ్లు పడుకునేదీ తినేదీ ఓడలోనే. దీవికి మిగిలేది రద్దీ, చెత్త.

ఓడరేవు:
ఊరికే రావడం లేదండీ. 2025 జులై నుంచి సాంటోరినీ, మైకొనోస్‌లలో సీజన్‌లో ఓడ దిగే ఒక్కొక్కరికీ 20 యూరోల రుసుము ఉంది. నీటి కరువున్న దీవిలో ఈత కొలనుల హోటళ్లు కట్టడం మాత్రం భారం కాదా? తప్పంతా ఓడలదే అంటే నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం:
వీసా చూశాం. ఒక్క ప్రవేశానికే ఇచ్చారు, కాబట్టి ఆ క్రూయిజ్ వదిలేశాం. విమానంలో రోడ్స్ వెళ్లి అక్కడే ఉందామనుకుంటున్నాం. అమ్మ నడవగలదా?

రాళ్లూరప్పలూ:
నడవగలరు, కానీ పాత నగరంలోని నైట్స్ వీధికి (మధ్యయుగపు క్రైస్తవ యోధుల వీధి) ముందుగా తీసుకెళ్లకండి. అది ఏటవాలు, చాలాచోట్ల గులకరాళ్లు పొదిగిన నేల, పాదాలకు గుచ్చుకుంటుంది. రేవు వైపు ద్వారంలోంచి వెళ్తే హిపోక్రటీస్ చౌక్ వస్తుంది, అక్కడ కూర్చోడానికి కాఫీ హోటళ్లున్నాయి. మందపాటి అడుగున్న బూట్లు కొనండి, ఎండ ఎక్కకముందే బయల్దేరండి.