మదీనాలో ఐదు రోజులు: అబ్బా, అమ్మీతో ఏమేం చూడాలి, ఏం తినాలి?

నంద్యాల_అబ్బాయి:
అందరికీ సలాం. అబ్బా, అమ్మీని తీసుకుని ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్తున్నాను. మక్కా తర్వాత ఐదు రోజులు మదీనాలో ఉంటాం. ట్రావెల్స్ వాళ్లేమో జియారత్ (పవిత్ర స్థలాల సందర్శన) అంతా ఒక్క పూటలో బస్సులో తిప్పేస్తాం అంటున్నారు. ఉహుద్, ఖందఖ్ (కందకం) యుద్ధాల సంగతులు చెబుతూ మమ్మల్ని పెంచిన మనిషి మా అబ్బా. కిటికీలోంచి చూపించి తీసుకొచ్చేస్తే ఆయనకు తృప్తి ఉండదు. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, షుగర్. ఎలా ప్లాన్ చేసుకోవాలి? తిండి సంగతేంటి?

రాయచోటి_డ్రైవర్:
వఅలైకుం సలాం భాయ్. నేను మదీనాలోనే వ్యాన్ నడుపుతాను. ఆ బస్సు వద్దు. ఉహుద్ దగ్గర పావుగంట ఆపి, ఫోటోలు కాగానే హారన్ కొడతారు. పెద్దాయనకు అది అన్యాయం.

ఉహుద్‌కే ఒక పొద్దు మొత్తం పెట్టుకోండి. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అయ్యాక ఎండ ముదరకముందే బయల్దేరండి. కొండకు ఎదురుగా జబల్ రుమాత్ అని చిన్న గుట్ట ఉంటుంది. 625లో మక్కావాళ్లతో యుద్ధం రోజున ప్రవక్త (స) 50 మంది విలుకాండ్రను దాని మీదే నిలబెట్టారు. మేం గెలిచినా ఓడినా మీరు కదలొద్దని గట్టిగా చెప్పారు. శత్రువులు పారిపోవడం చూసి, ఇక అయిపోయిందనుకుని చాలామంది దిగేశారు. అప్పటికింకా మక్కావాళ్ల వైపే ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ గుర్రాలతో వెనకనుంచి చుట్టుకొచ్చారు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, గుట్టెక్కి చూసినప్పుడే ఆ చోటు ఎంత కీలకమో అర్థమవుతుంది. ప్రవక్త బాబాయి హమ్జా (ర)తో పాటు ఆ యుద్ధంలో షహీదులైన (అమరులైన) వాళ్ల ఖబర్లు (సమాధులు) పక్కనే ఉన్నాయి. అమ్మీ గుట్ట ఎక్కనక్కర్లేదు, కిందనుంచే అంతా కనిపిస్తుంది.

వచ్చేటప్పుడు ఊరి అంచుల్లో నల్లరాళ్ల నేల చూపించమని డ్రైవర్‌ను అడగండి. ఎప్పుడో పొంగిన లావా అది, ఇక్కడ హర్రా అంటారు. తూర్పున, పడమరన ఆ రాళ్లు, దక్షిణాన ఖర్జూర తోటలు. గుర్రపు దండు రావాలంటే ఉత్తరం వైపే దారి. అందుకే 627లో సల్మాన్ ఫార్సీ (ర) సలహాతో కందకం అటు తవ్వారు. ఇప్పుడు కందకం ఆనవాలు లేదు, అక్కడ చిన్న చిన్న మస్జిదులున్నాయి. అయినా ఆ రాళ్లు చూశాక అబ్బా మీకే మిగతా కథ చెబుతారు.

ఖిబ్లతైన్ మస్జిదు దారిలోనే. మదీనాకు జెరూసలేం ఉత్తరాన, మక్కా దక్షిణాన. అంటే ఖిబ్లా (నమాజులో ముఖం పెట్టే దిక్కు) జెరూసలేం నుంచి మక్కాకు మారినప్పుడు ముఖం పూర్తిగా వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ఖుబా మస్జిదుకు శనివారం వెళ్లండి. ప్రవక్త (స) ప్రతి శనివారం అక్కడికి వెళ్లేవారని హదీసు ఉంది. ఇంట్లోనే వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కోవడం) చేసుకుని వెళ్లి అక్కడ నమాజు చేస్తే ఉమ్రా అంత పుణ్యం. కాబట్టి రూములోనే వుజూ చేసుకోండి.

గుంటూరు_ఆపా:
బాబూ, రౌజాకు (ప్రవక్త మస్జిదులో ఆయన సమాధి పక్కనున్న చోటుకు) సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో పర్మిట్ ఇప్పుడే చూసుకో. ఆడవాళ్ల టైములు వేరు, అమ్మీకి విడిగా తీయాలి. లోపల మీరిద్దరూ ఆమె పక్కన ఉండరు కాబట్టి ఏ గేటు దగ్గర కలవాలో ముందే నంబరుతో సహా చెప్పుకోండి. జన్నతుల్ బఖీ శ్మశానంలోకి మగవాళ్లను ఫజర్, అసర్ (సాయంత్రం పూట) నమాజుల తర్వాత పంపుతారు. అమ్మీ బయటనుంచే సలాం చెప్పి దువా చేసుకోవచ్చు.

తిండికి బెంగపడొద్దు. పొద్దున తందూరులో కాల్చిన తమీస్ రొట్టె, దాంతో ఫూల్ తినండి. ఫూల్ అంటే ఉడికించి మెదిపిన బాకలా (చిక్కుడు జాతి) గింజలు, పైన నూనె, జీలకర్ర వేస్తారు. కారం తక్కువ, కడుపు నిండుతుంది. మధ్యాహ్నం బుఖారీ రైస్ గానీ మందీ గానీ. మందీ అంటే అన్నం, మాంసం కలిపి వండే యెమెన్ వంట. మన హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వంశాలవాళ్లు వండేదీ అదే. ఒక్క ప్లేటు ఇద్దరికి చాలు. చాయ్‌లో మదీనా పుదీనా వేయమనండి, అమ్మీకి చక్కెర లేకుండా.

నంద్యాల_అబ్బాయి:
అన్నా, ఆపా, చాలా థాంక్స్. అబ్బాకు చదివి వినిపించాను, పాత రైల్వే స్టేషన్ కూడా చూడాలంటున్నారు. ఖర్జూరాల్లో అజ్వా ఎలా గుర్తుపట్టాలి?

రాయచోటి_డ్రైవర్:
అబ్బాకు నా సలాం చెప్పండి. ఆ స్టేషన్ తప్పకుండా చూడాల్సిందే, దాని గురించి అడిగేవాళ్లే తక్కువ. డమాస్కస్ నుంచి హిజాజ్ రైలు 1908లో ఇక్కడికి చేరింది. ఒంటెల మీద నెలకు పైగా పట్టే దారి రోజుల్లోకి వచ్చింది. దానికి చందాలిచ్చినవాళ్లలో మన దేశపు ముస్లిములూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లైను దెబ్బతింది. లోపల మ్యూజియం పెట్టారు, తెరిచి ఉందో లేదో కనుక్కునే బయల్దేరండి.

అజ్వా నల్లగా, మెత్తగా, చర్మం మీద సన్నటి గీతలతో ఉంటుంది. తీపి తక్కువే. అయినా అమ్మీ లెక్క చూసుకునే తినాలి. నలుపు చూసి కొనేయకండి, సఫావీ కూడా నల్లగానే ఉంటుంది, పొడుగ్గా ఉంటుంది. రుచి చూడనివ్వని అంగడిలో కొనొద్దు. పంచిపెట్టడానికి సుక్కరీ తీసుకోండి, పిల్లలకు అదే నచ్చుతుంది.