కారుతో వచ్చిన జాకీ చాలదా? ఇంటి పనికి ఏది కొనాలి?

సెల్లార్ సుబ్బడు
అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో పార్కింగ్. బండి 2014 స్విఫ్ట్. టైర్లు ముందువి వెనక్కి మార్చుకోవడం, చక్రం విప్పి బ్రేకులు చూసుకోవడం, కుదిరితే ఇంజిన్ ఆయిల్ కూడా నేనే మార్చుకోవాలని సరదా. మా బావమరిదేమో "డిక్కీలో కంపెనీ జాకీ ఉండగా ఇంకోటి దండగ" అంటున్నాడు. షాపుకి వెళ్తే నేల మీద దొర్లే 2 టన్నుల చక్రాల జాకీ, 3 టన్నులది, సీసాలా నిలబడే బాటిల్ జాకీ, మూడూ చూపించి మూడూ బెస్టే అన్నాడు. ఏది కొనాలి? అసలు కొనాలా?

పాత పద్మిని
మీ బావమరిది చెప్పిందే కరెక్టు. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, డిక్కీలో వచ్చే స్క్రూ జాకీ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. షాపువాడు చూపించిన ఆ ఆయిల్ జాకీల్లో వాషర్ అరిగిందంటే బండి మెల్లగా కూర్చుంటుంది. మా వీధిలో ఒకాయన రాత్రి ఎత్తిపెట్టి పొద్దున వచ్చి చూస్తే బ్రేక్ డిస్కు నేలకి ఆనుకుని ఉంది. స్క్రూ జాకీ అలా కాదు, ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తుంది. జాకీ డబ్బులు మిగిలితే మంచి వీల్ పానా కొనుక్కోండి.

లెక్కల మాస్టారు
పద్మిని గారూ, మరచుట్టు సంగతి మీరన్నది నిజమే. ఆ మర వాలు చాలా తక్కువ, బరువు పడ్డా దానంతట అది వెనక్కి తిరగదు. కానీ ఆ జాకీతో ప్రమాదం దిగిపోవడం వల్ల కాదండీ, పక్కకి ఒరగడం వల్ల. డిక్కీలోంచి తీసి అడుగు రేకు చూడండి, మన అరచేతి కంటే పెద్దగా ఏమీ ఉండదు. పైకి లేచేకొద్దీ అది సన్నగా, పొడుగ్గా అవుతుంది. బండి నాలుగు వేళ్లు ముందుకి జరిగితే చాలు, అది పక్కకి వాలిపోతుంది. మాన్యువల్‌లో కూడా దాన్ని టైరు మార్చడానికే వాడమని, బండి కింద దూరొద్దని రాసి ఉంటుంది.

హన్మకొండ హారన్
మాస్టారు చెప్పింది నాకు అనుభవమైంది. మా సెల్లార్ నేల చూడ్డానికి సమంగానే ఉంటుంది, నీళ్లు పోస్తే మాత్రం మూలకి పారతాయి. వెనక చక్రం విప్పాను, హ్యాండ్ బ్రేక్ వేయడం మర్చిపోయాను. గేర్‌లోనూ లేదు. నట్లు గిన్నెలో వేసి లేచేసరికి చిన్నగా కిర్రుమని చప్పుడు. జాకీ అడుగు టైల్ మీద జారుతోంది. రెండో చప్పుడుకి బండి కింద పడింది. అదృష్టం ఏంటంటే, ఎవరో చెప్పారని విప్పిన చక్రాన్ని డోరు కింద అంచుకి దిగువన పడుకోబెట్టాను. బండి దాని మీద ఆగింది. టైరుకి గాటు పడింది, నా చేయి అక్కడ లేదు. ఆ రోజు నుంచి కంపెనీ జాకీ స్టెప్నీ మార్చడానికే, అదీ రోడ్డు మీద తప్పనప్పుడే.

పాత పద్మిని
బ్రదర్, హ్యాండ్ బ్రేక్ మర్చిపోయింది మీరు. తప్పు జాకీ మీద తోస్తే ఎలా? లక్ష రూపాయల జాకీ పెట్టినా బండి దొర్లితే పడేదే.

హన్మకొండ హారన్
తప్పు నాదే అని ఒప్పుకుంటున్నాను సార్. నేను తప్పు చేసినా ఆపే వస్తువు ఏదని కదా అడుగుతున్నది.

ఆటోనగర్ గోవిందు
విజయవాడ ఆటోనగర్‌లో పని మాది. జాకీ గొడవ తర్వాత, ముందు అడ్డు చెక్కల సంగతి. అందరూ గేర్‌లో వేశాం కదా అనుకుంటారు. స్విఫ్ట్‌కి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్ని. ముందు చక్రం ఒక్కటి లేపితే గేర్ పట్టు పోయినట్టే. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ, నేల మీద ఉన్నదాన్ని ముందుకి దొర్లనిస్తుంది. అది రెండు చక్రాలకీ ఇంజిన్ శక్తి పంచే డిఫరెన్షియల్ చేసే పని. అప్పుడు మిమ్మల్ని కాపాడేది వెనక చక్రాల హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. వెనక రెండూ లేపితే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే, గేర్ ఆపాలి. అందుకే ముందు చక్రం లేపితే వెనక చక్రాలకి, వెనకది లేపితే ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి, గాల్లో లేపాక పానా మీద కాలేసి తొక్కితే బండి ఊగుతుంది.

ఇప్పుడు జాకీ. సెల్లార్‌లో గచ్చు ఉంది కాబట్టి చక్రాల జాకీయే కొనండి. కానీ దాని చక్రాలు స్టైలుకి పెట్టలేదు. చేయి పైకి లేచేటప్పుడు వంపుగా తిరుగుతుంది, ఆ తేడాకి జాకీయే కాస్త ముందుకి దొర్లాలి. పార్కింగ్ టైల్స్ సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ దొర్లదు, బండినే లాగుతుంది. నాలుగు పంపులు కొట్టి ఒకసారి ఆగి, చక్రాలు కదులుతున్నాయో లేదో చూడండి. ఎప్పుడైనా ఆయిల్ తగ్గితే జాకీ ఆయిలే పోయాలి. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ పోశారంటే సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

ఇంకోటి. డోరు కింద బాడీ అంచుకి రెండు గాట్లుంటాయి, వాటి మధ్యలోనే ఎత్తాలి. చక్రాల జాకీకి పైన బండికి ఆనే గిన్నె అక్కడ నేరుగా పెడితే అంచు వంగిపోతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెట్టుకోండి.

సెల్లార్ సుబ్బడు
అన్నా, టన్నుల సంగతి? 2 చాలా, 3 కావాలా?

లెక్కల మాస్టారు
టన్నుల దగ్గర అందరూ అనవసరంగా టెన్షన్ పడతారు. మీ బండి ఖాళీగా అటూ ఇటూగా ఒక టన్ను ఉంటుంది. ఒక మూల ఎత్తితే అందులో మూడో వంతు జాకీ మీద పడితే గొప్ప. 2 టన్నులు చాలు. చూడాల్సింది వేరే. జాకీ పూర్తిగా దించినప్పుడు ఎంత ఎత్తు, పూర్తిగా లేపితే ఎంత ఎత్తు, అడుగు ఎంత వెడల్పు. మీ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య సందు, 170 మి.మీ. టైరు గాలి పోయి ఉంటే ఇంకా కిందికి దిగుతుంది. చాలా బాటిల్ జాకీలు ఆ సందులో నిలబెట్టడానికే పట్టవు. ఇంటి నుంచి ఇంచుటేపు తీసుకెళ్లండి.

తెనాలి బొలేరో
బాటిల్ జాకీని అంత తీసిపారేయకండి సార్. మా ఇంటి ముందు మట్టి వాకిలి. చక్రాల జాకీ కొన్నాను, మట్టిలో కూరుకుపోయి దొర్లదు, ఇప్పుడు గేదెల కొట్టంలో ఉంది. బొలేరో వెనక యాక్సిల్ కింద మందపాటి చెక్క వేసి బాటిల్ జాకీ పెడితే రాయిలా నిలబడుతుంది. బండిని బట్టి, నేలని బట్టి జాకీ.

ఆటోనగర్ గోవిందు
కరెక్టే, కట్ట యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇనప దూలం) ఉన్న బండికి బాటిల్ జాకీయే సుఖం. పడుకోబెట్టి మాత్రం పంపు కొట్టకండి, గాలి పట్టి ఎక్కదు. సుబ్బడు గారి స్విఫ్ట్‌కి అది కుదరదు. ఈవీ ఉన్నవాళ్లకి కూడా ఒక మాట: కింద మధ్యంతా బ్యాటరీ పెట్టె, మాన్యువల్‌లో చూపిన చోట తప్ప జాకీ ఆనించొద్దు.

అసలు మాట ఇంకా ఎవరూ అనలేదు. ఏ జాకీ కొన్నా అది ఎత్తడానికే. నిలబెట్టడానికి జాక్ స్టాండ్లు, అంటే ఎత్తిన బండి కింద పెట్టే ఇనప కాళ్లు, ఒక జత కొనండి. బడ్జెట్ తక్కువైతే చిన్న జాకీ తీసుకోండి, స్టాండ్లు మాత్రం మానొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టే మహానుభావులున్నారు. అవి వంగి చెప్పవు, ఒక్కసారిగా పగులుతాయి.

డాలస్ డిక్కీ
స్టాండ్లు కొనేటప్పుడు కూడా కళ్లు తెరుచుకోవాలి. ఇక్కడ అమెరికాలో 2020 మార్చిలో హార్బర్ ఫ్రైట్ కంపెనీ పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను రీకాల్ చేసింది, మొత్తం 17 లక్షలకు పైనే. స్టాండ్‌ని ఆ ఎత్తులో ఆపే పళ్లు సరిగ్గా లోపలిదాకా పట్టక, బరువు కదిలితే కిందికి జారే లోపం. అదే ఏడాది జులైలో ఇంకొన్ని 3 టన్నుల స్టాండ్లను కూడా వెల్డింగ్ సరిగా లేదని వెనక్కి పిలిచింది. అప్పటి నుంచి నేను పిన్ను గుచ్చే రకమే వాడుతున్నాను. ఇనప చువ్వ ఇటు నుంచి అటు దూరిందా లేదా, కంటికి కనిపిస్తుంది. కొన్ని స్టాండ్ల మీద రాసిన టన్నులు ఒక్కోదానికి కాదు, జతకి. అదీ చూసుకోండి.

పాత పద్మిని
చూశారా! స్టాండ్లూ ఫెయిలే. ఇంక ఏం సాధించినట్టు?

డాలస్ డిక్కీ
సార్, స్టాండ్ మీద దించాక జాకీని తీసేయను. దాని గిన్నె బండిని తాకీ తాకనట్టు అక్కడే ఉంచుతాను. విప్పిన చక్రం డోరు అంచు కింద ఉంటుంది. బండి పడాలంటే మూడూ ఒకేసారి మోసం చేయాలి. చేత్తో బండిని గట్టిగా ఊపి చూసి, పడేదైతే నేను బయట ఉండగానే పడనిస్తాను.

సెల్లార్ సుబ్బడు
ఒక డౌటు. గాట్ల మధ్య జాకీ ఉంటే స్టాండ్ ఎక్కడ పెట్టేది?

ఆటోనగర్ గోవిందు
మంచి ప్రశ్న, కొన్నాక అందరూ అడుగుతారు. చక్రాల జాకీతో ముందు భాగాన్ని మధ్యలో ఎత్తే చోటు చాలా బండ్లకి మాన్యువల్‌లో చూపిస్తారు. అక్కడ ఎత్తి, రెండు పక్కల గాట్ల కింద స్టాండ్లు పెట్టి మెల్లగా దించాలి. బొమ్మలో లేని చోట ఊహించి పెట్టకండి, ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్‌కి సొట్ట పడుతుంది.

సెల్లార్ సుబ్బడు
అప్‌డేట్. 2 టన్నుల చక్రాల జాకీ, పిన్ను రకం స్టాండ్లు జత, రబ్బరు దిమ్మ కొన్నాను. చెక్క దిమ్మలు కార్పెంటర్ ఊరికే కోసిచ్చాడు. ఆదివారం ఒక్కో చక్రం లేపి, స్టెప్నీ సాయంతో టైర్లు మార్చాను. బండి కింద దూరే ధైర్యం రాలేదు, ఆయిల్ పని ఈసారికి షాపుకే.

పాత పద్మిని
అంటే టైర్లు మార్చారంతే. అది డిక్కీలోని జాకీతో కూడా అయ్యేది కదా బాబూ.

సెల్లార్ సుబ్బడు
మా బావమరిది కూడా అదే అన్నాడు సార్. నిన్న వాళ్ల బండి బ్రేకులు చూడాలని నా జాకీ, స్టాండ్లు పట్టుకెళ్లాడు.